నల్లరాయిలోని పచ్చని పొరలు, మన చేలలోని బంకమట్టి

మైదుకూరు ప్రాంతపు రైతును మీ చేను ఎట్టిదని అడిగినచో మొదట రంగు చెప్పును: నల్లరేగడి, ఎర్రనేల, తెల్లచౌడు. రంగు తెలిసియుండుట మంచిదే. కాని వానకాలములో పసుపుదుంప నిలుచునో కుళ్ళునో రంగు చెప్పజాలదు. ఒకే నలుపుగల రెండు కయ్యలలో ఒకటి నాలుగు రోజులకు పదునుకు వచ్చును. ప్రక్కదానిలో వారము గడచినను మడక దిగదు. ఒకదానిలో వేసవి నెర్రెలు మోకాలి లోతు పోవును, వేరొకదానిలో వ్రేలు దూరదు. విత్తనము, ఎరువు, కాలువనీరు అన్నియు ఒకటియే అయినపుడు ఈ భేదము ఎక్కడిది? చాలవరకు నేలలోని బంకమట్టి జాతినిబట్టి వచ్చినదే.

బంకమట్టి రేణువులు కంటికి కనబడవు. మిల్లీమీటరులో ఐదువందలవ వంతుకంటె చిన్నవి. అయితే వాటి దాయాదులు మన జిల్లాలోని నల్లరాళ్ళలో చేతితో తాకి చూడదగినంత స్పష్టముగా కలవు. బంకమట్టిని నేలలో అర్థము చేసికొనుట కష్టము, రాతిలో సులభము. కనుక మొదట పడమటగా వేంపల్లె, పులివెందుల వైపు పోయి రాతిని చూతము. అచ్చట తెలిసినదానితో మరల మన కయ్యలకు వత్తము.

వేంపల్లె, పులివెందుల నల్లరాయి

కడప, కర్నూలు ప్రాంతపు రాళ్ళను భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ పరిశీలించి 1872లో ఒక గ్రంథముగా వెలువరించెను. ఈ శిలలు సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర, నెలవంక ఆకారముగల పెద్ద పల్లములో పొరమీద పొరగా పేరుకొన్నవి. వేంపల్లె పేరుతో పిలువబడు సున్నపురాతి పొరలు అందులో అడుగు భాగమునకు చెందినవి. ఈ సున్నపురాయిలో కాల్షియముతోబాటు మెగ్నీషియము కూడ హెచ్చుగా నున్నందున దీనిని డోలమైటు అందురు.

సుమారు 190 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు పొరలలోనికి భూగర్భమునుండి కరిగిన నల్లని శిలాద్రవము చొచ్చుకొని వచ్చినది. కొంత పైకి పొంగి పారి, బసాల్టుగా గడ్డకట్టినది. కొంత పొరల నడుమనే పరచుకొని నెమ్మదిగా చల్లారి డోలరైటు అను గట్టిరాయి అయినది. పులివెందుల చుట్టుపట్ల కనబడు నల్లబండలు చాలవరకు ఇవియే. ఇనుము, మెగ్నీషియము, కాల్షియము వీటిలో హెచ్చు. పొటాషియము చాల తక్కువ. ఈ చివరి మాట గుర్తుంచుకొనుడు. తరువాత పనికి వచ్చును.

క్రొత్తగా విరిచిన మంచి డోలరైటు నల్లగా నుండి, సుత్తితో కొట్టినచో గంటవలె మ్రోగును. కాని అన్ని చోట్ల అట్లుండదు. బీటల వెంబడి, పలక అంచులందు, పాత బసాల్టులోని బుడగల గుంతలలో రాయి ఆకుపచ్చగా మారి, మెత్తబడి, చాకుమొనతో సులభముగా గీతపడును. కొందరు దానిని చూచి రాగి ఉన్నదని ఆశపడుదురు. అది రాగి కాదు. రాయి పుట్టిన పిమ్మట వేడినీరు బీటలలో తిరిగి, మొదటి నల్లని ఖనిజములను నెమ్మదిగా మార్చివేసి, వాటి స్థానములో పొరల ఖనిజములను నింపినది. ఇచ్చట రాయి మరల కరగలేదు, కాలలేదు. కొద్దిపాటి వేడి, నీరు, చాల కాలము – ఈ మూడే పని చేసినవి. శాస్త్రజ్ఞులు దీనిని స్వల్పస్థాయి రూపాంతరము అందురు.

అప్పడముల దొంతర

ఈ పచ్చని ఖనిజములును, మీ చేని బంకమట్టియు ఒకే ఇంటివి. అన్నియు పలుచని రేకులతో కట్టిన దొంతరలే. రేకులు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి సిలికా రేకు. ఇసుకలో నుండు పదార్థమే సిలికా. రెండవది మెగ్నీషియము లేక అల్యూమినియము గల రేకు. ఈ రెండింటిని కూర్చు పద్ధతిలోనే జాతిభేదమంతయు నున్నది.

ఒక సిలికా రేకు, ఒక మెగ్నీషియము రేకు అంటుకొన్నచో సర్పెంటీను అగును. అదే ఏర్పాటు అల్యూమినియముతో అయినచో కేయోలినైటు. ఇది ఎర్రనేలలలో సాధారణముగా కనబడు బంకమట్టి. రెండు సిలికా రేకుల నడుమ ఒక మెగ్నీషియము రేకు ఇరుకుకొన్నచో మూడు రేకుల అప్పడము తయారగును. ఇట్టి అప్పడములు నడుమ ఏమియు లేక ఒకదానిపై నొకటి పేర్చబడినచో అది టాల్కు, అనగా బలపపురాయిలోని ఖనిజము. వ్రేళ్ళ మధ్య సబ్బువలె జారుటకు కారణము అప్పడములు ఒకదానిపై నొకటి జారుటయే.

ఆ మూడు రేకుల అప్పడములోనే కొన్ని అణువులు మారి, స్వల్పమైన ఋణ విద్యుత్తు ఏర్పడినచో కథ మారిపోవును. ఆ విద్యుత్తునకు ఆకర్షింపబడి అప్పడముల సందులలోనికి కాల్షియము, మెగ్నీషియము, సోడియము చేరును. వాటి వెంట నీరు చేరును. అప్పడములు ఎడమగును, మట్టి ఉబ్బును. నీరు పోగా ముడుచుకొని నెర్రెలు వాయును. ఇది స్మెక్టైటు. రేగడినేలకు బలమును ఇదియే, బాధయు ఇదియే. సందులోనికి పొటాషియము వచ్చి గట్టిగా బిగిసినచో అప్పడములు ఎడము కావు. అది అభ్రకపు వంశము, దాని బంకమట్టి రూపము ఇల్లైటు. సందులోనికి పొటాషియమునకు బదులు మరియొక మెగ్నీషియము రేకు దిగి మేకు కొట్టినట్లు కూర్చున్నచో అది క్లోరైటు. మన నల్లరాళ్ళలోని పచ్చదనము చాలవరకు ఈ క్లోరైటుదే.

ఎక్స్-రే యంత్రముతో ఈ దొంతరల మందమును కొలుచుచున్నారు. కొలత ఆంగ్‌స్ట్రాము, అనగా సెంటీమీటరులో పదికోట్ల వంతు. క్లోరైటు దొంతర ఎండినను తడిసినను 14 ఆంగ్‌స్ట్రాములే. స్మెక్టైటు బాగుగా ఎండినపుడు 10, గాలిలోని తేమకే 12 నుండి 15, తడిసినకొలది ఇంకను హెచ్చు. ఇంత చిన్న పెరుగుదలయే కోట్ల పొరలలో కూడి మీ ఇంటి పునాదిని కదలించుచున్నది.

పంటకు వలయు పోషకములు పట్టియుంచు శక్తి కూడ జాతినిబట్టియే యుండును. నూరు గ్రాముల మట్టి ఎన్ని మిల్లీ ఈక్వివలెంట్ల లవణమూలకములను పట్టియుంచునో కొలిచినచో కేయోలినైటు 3 నుండి 15, ఇల్లైటు మరియు క్లోరైటు 10 నుండి 40, స్మెక్టైటు 80 నుండి 150 వరకు పట్టియుంచును. శుద్ధ స్మెక్టైటు ఒక గ్రాములోని పొరల ముఖములన్నియు కూడినచో 700 – 800 చదరపు మీటర్ల వైశాల్యము వచ్చును. అనగా ఐదారు గ్రాములలో ఒక ఎకరా దాగియున్నది! దోసెడు రేగడిమట్టి అంత నీటిని ఎట్లు పట్టియుంచునని ఇక ఆశ్చర్యపడనక్కరలేదు.

వేడి నిర్ణయించిన జాతి

ఒకే నల్లరాయి ఒకచోట ఉబ్బు మట్టిగాను, వేరొకచోట ఉబ్బని క్లోరైటుగాను మారుటకు ముఖ్యకారణము వేడి. ఐస్‌లాండు దేశమందు బసాల్టు రాతిలోనికి లోతైన బోర్లు వేసి, భూమిలోని ఆవిరితో విద్యుత్తు తీయుచున్నారు. ఆ బోర్లలో లోతునకు పోయినకొలది వచ్చిన రాతిపొడిని శాస్త్రజ్ఞులు వరుసగా పరీక్షించిరి. సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు లోపు స్మెక్టైటు కనబడినది. 200 నుండి 230 డిగ్రీల ప్రాంతమున స్మెక్టైటు పొర, క్లోరైటు పొర కలిసిన మిశ్రమము. అంతకు మించిన వేడిలో క్లోరైటు. ఇట్లు రాతిలోని మట్టి పాతకాలపు ఉష్ణమాపకమువలె పనిచేయును.

పచ్చికుండ నీటిలో కరగును, కాలిన కుండ కరగదు గదా, అట్టిదే ఇది అని కొంతవరకు చెప్పవచ్చును. పోలిక పూర్తిగా కుదరదు. కుమ్మరి ఆవము మట్టిలోని నీటిని వెళ్ళగొట్టును. భూమి లోపలి వేడి నీటిని రేకులలోనే బంధించును. అయినను రైతునకు తేలు ఫలితము ఒకటే: హెచ్చు వేడి తగిలిన పొరలు నీటికి ఉబ్బవు.

రాతినార సంగతి

పులివెందుల ప్రాంతమున మరియొక వింత జరిగినది. వేడి డోలరైటు వచ్చి డోలమైటు సున్నపురాతిని తాకినచోట, సిలికాతో కూడిన వేడినీరు మెగ్నీషియముతో కలిసి సర్పెంటీను పుట్టినది. సర్పెంటీనులోని రెండు రేకుల కొలతలు ఒకదానికొకటి సరిగా కుదరవు. ఆ కారణమున రేకులు కొన్నిచోట్ల చాపవలె చుట్టుకొని సన్నని గొట్టములగును. అట్టి గొట్టముల కట్టయే క్రైసోటైలు, మనవారు రాతినార అను పదార్థము. బ్రాహ్మణపల్లె మున్నగుచోట్ల దీనిని తవ్వి తీసిరి. దీని ధూళి ఊపిరితిత్తులలో చేరి, అనేక సంవత్సరముల పిమ్మట ఊపిరితిత్తుల గట్టిపాటును, పుట్టకురుపును కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. ఆరోగ్య కారణములచే మన కేంద్ర ప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త లీజులిచ్చుట, పాతవి పొడిగించుట 1986లో నిలిపివేసినది.

ఆ ప్రాంతమున బంధువులో, భూములో ఉన్నవారు ఒక విషయము జాగ్రత్తగా వినవలెను. పాత గనుల దిబ్బలనుండి మట్టిని ఇంటి ముంగిళ్ళకు, పశువుల కొట్టములకు, చేని గట్లకు తోలరాదు. పట్టువలె మెరయు నారగల రాయి దొరికినచో పిల్లలచేత చీల్చించి ఆడించరాదు. ఒకవేళ పొలములో బయటపడినచో నీటితో తడిపి, లోతుగా పూడ్చి, పైన మంచిమట్టి కప్పవలెను. పొడిగా ఊడ్చరాదు. నారగా లేని మామూలు పచ్చరాయికి ఈ భయము వర్తింపదు.

బావికి, బాటకు ఏ రాయి?

గ్రామాధికారులు ఈ భాగమును తప్పక చదువవలెను. పైకి గట్టిగా కనబడిన నల్లరాయి లోపల స్మెక్టైటు పొరలు కలిగియున్నచో, గాలి, నీరు తగిలిన కొన్ని నెలలకు దానంతట అది పొడియగును. ఆఫ్రికాలోని లెసోతో దేశమున 1990 ప్రాంతములో కొండలగుండ నీటి సొరంగములు తవ్వినపుడు బసాల్టు రాయి ఇట్లే చెడిపోవుట గమనించి, రాతిని అట్లే వదలివేయక లోపల కాంక్రీటు పూత వేయవలసివచ్చినది. అంతటి పనివారికి కలిగిన చిక్కు మన పంచాయతీ బాటకు కలుగదని ధైర్యమేమి?

పరీక్ష సులభము. కంకరకు గాని, బావి కట్టడమునకు గాని తెచ్చిన రాతినుండి పిడికెడంత ముక్కలు పది తీసికొనుడు. రాత్రియంతయు నీటిలో నానబెట్టి, పగలంతయు ఎండలో ఉంచుడు. ఇట్లు పది దినములు చేయుడు. ముక్కలు చిట్లినను, పెచ్చులు రాలినను, నీటి అడుగున బురద పేరుకొన్నను ఆ రాయిని త్రిప్పి పంపవలెను. పది దినముల ఆలస్యము కాంట్రాక్టరునకు నచ్చకపోవచ్చును. ఐదేండ్లు నిలువవలసిన బాట మొదటి వానకే గుంతలు పడుట ప్రజలకు నచ్చదు.

మరల మైదుకూరునకు

నల్లరేగడి అంతయు నల్లరాతినుండి పుట్టినదని చాలమంది తలతురు. ఆదిలాబాదు, నిర్మల్ ప్రాంతములలో బసాల్టు పైనున్న రేగడి విషయమున అది నిజము. మన కుందూ లోయ రేగడి విషయమున నిజము కాదు. ఇచ్చటి రేగడికి మూలము అడుగున నున్న సున్నపురాయి, షేలు రాళ్ళు, కుందూ వరదలు తెచ్చి పరచిన ఒండ్రు. నలుపు రంగు రాతినుండి వచ్చినది కాదు. బంకమట్టితో గాఢముగా కలిసిన కొద్దిపాటి సేంద్రియ పదార్థమువలన వచ్చినది.

మరి రాయి వేరైనపుడు మట్టి జాతి ఒకటెట్లయినది? ఏటికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన, దీర్ఘమైన ఎండ, చదునైన పల్లము. నేలలో కరిగిన కాల్షియము, మెగ్నీషియము, సిలికా కొట్టుకొనిపోక నిలిచిపోవును. ఆ పరిస్థితిలో స్మెక్టైటు నిలుచును, క్రొత్తగా పుట్టును కూడ. నల్లరాయి బీటలో వేడినీటితో జరిగిన పనికి, మన లోతట్టు చేలో చల్లని నీటితో జరుగు పనికి ఇంత దగ్గర పోలిక గలదు. అదే వాన ఎత్తైన వాలు భూమిపై పడినపుడు లవణములు కడుగుకొనిపోయి, కేయోలినైటు హెచ్చుగాగల ఎర్రనేల మిగులును.

మైదుకూరునకు తూర్పున నల్లమల కొండల పాదమునకు పొండు. అచ్చటి పలకరాళ్ళు ఒకప్పటి బురద. అవి నల్లరాతి వంశమునకు చెందినవి కావు. కాని వాటికిని భూమిలోపల వేడి, ఒత్తిడి తగిలి, ఉబ్బు మట్టి పోయి, ఇల్లైటు, క్లోరైటు వంటి ఉబ్బని పొరలు మిగిలినవి. ఆ పాదములోని గరుసునేలలు వేసవిలో పెద్ద నెర్రెలు వాయవు. వాన వెలిసిన మరునాడే మడకకు లొంగును. నీరు మాత్రము ఎక్కువ దినములు నిలువదు. పది మైళ్ళలోపల ఇట్లు రెండు వంశముల మట్టి ఉన్నపుడు, రెండింటికి ఒకే నీటితడి లెక్క, ఒకే దుక్కి లెక్క చెప్పుట నాకు సమ్మతము కాదు.

ఇంటివద్ద చేయదగిన రెండు పరీక్షలు

2015లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన భూసార పరీక్ష పత్రములో 12 అంశములు గలవు: నత్రజని, భాస్వరము, పొటాష్, గంధకము, జింకు మున్నగు సూక్ష్మ పోషకములు, ఉదజని సూచిక, లవణ పరిమాణము, సేంద్రియ కర్బనము. అది చాల ఉపయోగకరమైన పత్రము. కాని మట్టి జాతి ఏదియో, సోడియము బంకమట్టికి ఎంత పట్టుకొన్నదో ఆ పన్నెండింటిలో లేదు. ఆ కొరతను రైతు కొంతవరకు తానే తీర్చుకొనవచ్చును.

మొదటిది కుంచించుకొను పరీక్ష. చేనిలో జానెడు లోతునుండి మట్టి తీసి, రాళ్ళు, వేళ్ళు ఏరివేసి, రొట్టెపిండివలె తడిపి పిసుకుడు. దానితో సరిగా 10 సెంటీమీటర్ల పొడవుగల వ్రేలి లావు కడ్డీలు మూడు చేసి, నూనె రాచిన పలకపై నీడలో పూర్తిగా ఆరనిండు. ఆరిన పిమ్మట స్కేలుతో కొలువుడు. 3 మిల్లీమీటర్లలోపు తగ్గినచో అది చాలవరకు ఉబ్బని మట్టి. 3 నుండి 6 వరకు మధ్యరకము. 8 మిల్లీమీటర్లు దాటినచో మీది స్మెక్టైటు నిండిన, గట్టిగా నెర్రెలు వాయు నేల. ఇది ప్రయోగశాల లెక్క కాదు, అంచనా. అయినను ప్రక్కప్రక్క కయ్యలను పోల్చుటకు దీనికంటె చవుకైన సాధనము లేదు.

రెండవది నీటిగ్లాసు పరీక్ష. గాజుగ్లాసులో వాననీరు గాని, ప్రయోగశాల నుండి తెచ్చిన బట్టి నీరు గాని పోయుడు. బోరునీరు పనికిరాదు, దానిలోని లవణములు దోషమును కప్పిపుచ్చును. శనగగింజంత ఎండిన మట్టి పెళ్ళను నెమ్మదిగా జారవిడిచి, కదపక రెండు గంటలు చూడుడు. పెళ్ళ చిన్న ముక్కలుగా విడిపోయి, నీరు తేటగా ఉన్నచో మట్టి ఉబ్బినదేగాని చెడినది కాదు. పెళ్ళచుట్టు పాలవంటి మబ్బు క్రమ్మినచో సోడియము చేరినది. అప్పడముల సందులో కాల్షియమునకు బదులు సోడియము కూర్చున్నది. పొరలు ఒకదానినొకటి విడచి నీటిలో తేలిపోవుచున్నవి. అట్టి నేల వానకు జిగట, ఎండకు రాయి. ఆ మట్టిని వెంటనే ప్రయోగశాలకు పంపి, మార్పిడి సోడియము శాతము ఎంతయని ప్రత్యేకముగా అడుగవలెను. 15 శాతము దాటినచో అది చౌడు క్రిందికి వచ్చినట్లే.

పసుపు రైతు ఏమి చేయవలెను

‘మైదుకూరు’, ‘టేకూరుపేట’ అను దీర్ఘకాలిక పసుపు రకములు మన జిల్లా ఊళ్ళ పేర్లతోనే వ్యవసాయ గ్రంథములకెక్కినవి. సుమారు తొమ్మిది నెలలు దుంప నేలలోనే యుండు పంట ఇది. వానకాలమంతయు దానికి గాలి కావలెను. స్మెక్టైటు నేల తడిసి ఉబ్బినపుడు నెర్రెలు మూసుకొనిపోయి, గాలి వెళ్ళు త్రోవ ఉండదు. నీరు నిలిచినచోట దుంపకుళ్ళు కలిగించు పిథియం శిలీంధ్రము రెచ్చిపోవును. మందు పోయుట తరువాతి మాట; ముందు నీటిని బయటకు పంపవలెను.

కడ్డీ 8 మిల్లీమీటర్లకు మించి కుంచించుకొన్న కయ్యలో చదును మడులలో పసుపు నాటరాదు. అడుగు ఎత్తున బెడ్లు గాని, బోదెలు గాని తీసి నాటవలెను. బోదెల మధ్య కాలువలు చేని వాలునకు కలియునట్లు తీసి, చివర మురుగుకాలువలో కలుపవలెను. పైవాని చేని మురుగు మీ చేనిలో పడుచున్నచో మీరొక్కరు బోదెలు తీసి లాభము లేదు. నలుగురు కలిసి ఒక మురుగుకాలువ తవ్వుకొనవలెను. ఈ పనిలో గ్రామాధికారుల చొరవ లేనిచో తగవులే మిగులును. అట్టి నేలలో తడిగా నున్నపుడు ట్రాక్టరు దింపుట, దుంపను బురదలో నాటుట రెండును నష్టదాయకములు. కడ్డీ కొద్దిగానే కుంచించుకొన్న గరుసునేలలో ఇంత శ్రమ అక్కరలేదు. అచ్చట చిన్న బోదెలు చాలును, తడులు మాత్రము దగ్గర దగ్గరగా ఇవ్వవలెను, నత్రజనిని ఎక్కువ దఫాలుగా పంచి వేయవలెను.

తడి ఇచ్చు పద్ధతిలోను భేదమున్నది. 1860లలో తుంగభద్రపై సుంకేసుల నుండి తవ్వించిన కర్నూలు–కడప కాలువ నీరు వదలినపుడు మన రైతులు నెర్రెలు వాసిన చేనిలోనికి ఒక్కసారిగా నీరు పెట్టుదురు. మొదటి నీరంతయు నెర్రెల వెంట వేళ్ళకందని లోతునకు పోవును. పిమ్మట నేల ఉబ్బి, నెర్రెలు మూసుకొని, మిగిలిన నీరు పైననే నిలుచును. నీరు ఎక్కువై చెడినదో, తక్కువై చెడినదో తెలియదు. నీరు పెట్టుటకు ముందు పైరు లేని చేనిలో గుంటక తోలి, నెర్రెల నోళ్ళను పొడిమట్టితో మూయవలెను. పైరు ఉన్నచో పెద్ద నెర్రెలు పడకమునుపే పలుచని తడి ఇవ్వవలెను. పసుపు బోదెలపై ఆకులు, చెత్త కప్పినచో నెర్రెలు తగ్గును.

గ్లాసులో పాలమబ్బు క్రమ్మిన నేలకు జిప్సము వేయవలెను. ఎంతయను లెక్క ప్రయోగశాల ఫలితమునుబట్టియే. పొరుగువాడు వేసిన బస్తాలనుబట్టి కాదు. జిప్సములోని కాల్షియము సందులోని సోడియమును త్రోసివేయును. త్రోసివేయబడిన సోడియము నీటిలో కరిగి చేని బయటకు పోవలెను. మురుగుకాలువ లేని చేనిలో అది అక్కడనే యుండి, ఎండకు మరల పైకి వచ్చును. జిప్సమునకు పెట్టిన సొమ్ములో మురుగుకాలువకు సగము పెట్టినవాడే బాగుపడుట నేను చూచుచున్నాను. తొలకరికి ముందు చల్లి, పై అయిదారు అంగుళముల మట్టిలో కలియునట్లు దున్ని, కయ్యలో నీరు నిలిపి, పిమ్మట వదలివేయవలెను.

రాతిపొడి బస్తాలు

ఈ మధ్య పచ్చని రాతిపొడిని బస్తాలకెత్తి, పొటాష్‌కు బదులు చాలునని చెప్పి అమ్మువారు అక్కడక్కడ తిరుగుచున్నారు. పైన గుర్తుంచుకొమ్మని చెప్పిన మాట ఇచ్చట పనికివచ్చును. నల్లరాతిలోనే పొటాషియము చాల తక్కువ. దానినుండి పుట్టిన క్లోరైటు సందులో ఉన్నది పొటాషియము కాదు, మెగ్నీషియము రేకు. టాల్కులోను, సర్పెంటీనులోను అంతే. మెగ్నీషియము, ఇనుము కొంత ఉన్నమాట నిజమే. అవి కూడ ఏండ్లకేండ్లకు గాని కరగవు. సున్నము హెచ్చుగాగల మన రేగడిలో కరుగుట మరింత ఆలస్యము. సర్పెంటీను పొడి అయినచో రాతినార కలిసియుండు ప్రమాదము కూడ గలదు. కనుక బస్తామీద పొటాష్ శాతము అచ్చువేసి, బిల్లు ఇచ్చిననే కొనుడు; లేనిచో అట్టి పొడిని చేనికి చేర్చకుడు. పసుపునకు పొటాష్ అవసరము ఎంతయో భూసార పత్రములోని అంకె చూచి మామూలు ఎరువుతో తీర్చుట మేలు.

చెరువు పూడికమట్టి సంగతి వేరు. ఇసుకపాలు హెచ్చైన గరుసునేలకు స్మెక్టైటుగల పూడికమట్టి తోలినచో తేమ, పోషకములు పట్టియుంచు శక్తి పెరుగును. అదే మట్టిని రేగడి కయ్యకు తోలుట కూలిదండుగ. తోలుటకు ముందు పూడికమట్టికి కూడ కడ్డీ పరీక్ష, గ్లాసు పరీక్ష చేయుడు. పాలమబ్బు వచ్చిన పూడికను ముట్టవద్దు.

ప్రయోగశాలకు మట్టి పంపుటకు చైత్ర వైశాఖ మాసములు అనువైనవి. పసుపు త్రవ్వకము ముగిసి చేను ఖాళీగా నుండును, నెర్రెలును బాగుగా తెలియును. కయ్యకు ఎనిమిది పదిచోట్ల మట్టి తీసి కలిపి, అరకిలో సంచిలో వేసి, చీటీమీద పేరు, సర్వే నెంబరు, పంటతోబాటు మూడు సంగతులు అదనముగా వ్రాయుడు: నెర్రె లోతు ఎంత, కడ్డీ ఎన్ని మిల్లీమీటర్లు తగ్గినది, గ్లాసులో మబ్బు వచ్చినదా లేదా. ఈ చీటీని గ్రామ వ్యవసాయ సహాయకునికి ఇచ్చినచో జిప్సము, మురుగు, బోదె ఎత్తు విషయములలో మీ కయ్యకు తగిన సలహా చెప్పుటకు వీలగును.